టక్కుమనే చప్పుడు

బిస్కెట్ల డబ్బాలో మొదలైంది అది.
నీలం రేకు డబ్బా, మూత మీద రెయిన్‌డీర్ బొమ్మ,
లోపల పాత వాషింగ్ మెషీన్ నుంచి పీకిన రిలే,
సోల్డరింగులో కాలిన నా చూపుడువేలి వాసన కొంచెం.

కుయోపియోలో డిసెంబరంటే
మధ్యాహ్నం మూడింటికే చీకటి గడప దాటుతుంది.
పని నుంచి వచ్చేసరికి సౌనా వేడెక్కి ఉండాలి.
అంతే.
అంతకు మించి లోకానికి ఏమీ చేసిపెట్టాలని లేదు నాకు.

మిల్లు గేటు దగ్గర్నుంచి ఇంటికి ఫోను కొడితే
ఎవరూ ఎత్తరు.
రెండోసారి మోగగానే డబ్బాలో టక్కుమంటుంది,
సౌనా పొయ్యి అందుకుంటుంది.
మొదటిరోజు మాత్రం
పొయ్యికి బదులు గరాజు తలుపు తెరుచుకుంది.
కారు చక్రాలు మునిగేదాకా మంచు.
పారతో తోడుతూ సిర్కా నవ్విన నవ్వు
ఆ చలికాలమంతా మా ఇంట్లో కాగుతూనే ఉంది.

మా పిల్లి పేరు నప్పి, అంటే మా భాషలో బొత్తాం.
అది తన చిన్న తలుపు తోసుకుని బయటికెళ్తే
వంటగదిలో బల్బు రెండుసార్లు కన్ను కొట్టేది.
ఎందుకో తెలీదు.
మూడు ఆదివారాలు తీగ తీగా వెతికాను.
నాలుగో ఆదివారం
అది తప్పు కాదు, అలవాటు అనుకుని కాఫీ తాగాం.

మొదటి డబ్బా పక్కింటి తౌనోకి,
పొగబెట్టిన ముయిక్కు చేపలు అరబుట్టకి ఇచ్చాను.
రెండోది అతని బావమరిదికి, మళ్ళీ చేపలకే.
మూడోదానికి రసీదు రాశాను.
పన్ను ఎంత వెయ్యాలో సిర్కాను అడిగాను,
తనకీ తెలీదు.
ఆ రాత్రి మేం నవ్వలేదు.

నేను దానికి పేరు పెట్టాను.
కొన్నవాళ్ళు పేర్లు పెట్టారు.
యోయెన్సూ నుంచి ఒకాయన
అర్ధరాత్రి, సున్నాకి దిగువన ఇరవై ఎనిమిది డిగ్రీల్లో,
దీపం వెలగలేదని తిట్టాడు.
ప్లగ్గు పెట్టలేదు ఆయన.
క్షమించమని నేనే అడిగాను.

బల్బు కన్ను కొట్టడం లోపాల జాబితాలో చేరింది, తీసేశాం.
రిలే చప్పుడు నాటుగా ఉందన్నారు తెల్లచొక్కాల కుర్రాళ్ళు,
అదీ తీసేశాం.
నిశ్శబ్దం అన్న ఒక్క మాటకి
పద్దెనిమిది యూరోలు ఎక్కువ పెట్టాం.
తర్వాత నెలనెలా చందా.

కొత్త పెట్టె ఏదైనా ముందు మా ఇంటికే వస్తుంది.
రాత్రి దానంతటదే కొత్త బుద్ధులు నేర్చుకుంటుంది,
పొద్దున నాకు చెప్పదు.
ఓసారి విప్పి చూద్దామని స్క్రూడ్రైవర్ తీశాను.
స్క్రూ మీద చిన్న కాగితం:
విప్పితే గ్యారంటీ చెల్లదు.
అది నేను రాసిన వాక్యమే.

మొన్న హెల్వి వచ్చింది,
ఉన్ని మఫ్లరులో పెట్టెను చుట్టుకుని.
"ఇది వద్దు, పాతది ఇవ్వు."
"పాతది చప్పుడు చేస్తుందమ్మా."
"అందుకే కదా. రాత్రి అది టక్కుమంటే
ఇంట్లో ఇంకెవరో మేలుకుని ఉన్నట్టుండేది."
ఏడుపేమీ లేదు ఆ గొంతులో,
బ్రెడ్డు ఎండిపోయిందని దుకాణంలో చెప్పినట్టు చెప్పింది.

ఫిర్యాదు ఫారమంతా వెతికాను.
చప్పుడు ఎక్కువ అని గడి ఉంది,
చప్పుడు లేదు అని గడి లేదు.

అటక మీద నుంచి నీలం డబ్బా దించాను.
తుప్పు గీకి, తీగలు మార్చి,
చాన్నాళ్ళకి వేలు కాల్చుకున్నాను.
"ఎన్నో నంబరు ఆర్డరు?" అంది సిర్కా గుమ్మంలోంచి.
"నంబరు లేదు."
"ధర?"
"మేజోళ్ళు అల్లి ఇస్తానంది."

సిర్కా వచ్చి పక్కన కూర్చుంది.
ఫోను మోగించాను. ఒకటి. రెండు.
టక్.
ఇద్దరం ఒక్కసారే
గరాజు వైపు చూశాం.